కార్డు కంటపడని చెల్లింపులు: చార్జ్‌బ్యాక్‌ను ఆపడం, ఎదుర్కోవడం

ఆన్‌లైన్ ఆర్డరుకు కార్డు చెల్లింపు ఆమోదం రాగానే అమ్మకం పూర్తయిందని చాలామంది వ్యాపారులు అనుకుంటారు. ఆ ఆమోదానికి ఉన్న అర్థం నిజానికి చాలా పరిమితమైనది. కార్డు చెల్లుబాటులో ఉంది, ఖాతాలో తగినంత సొమ్ము లేదా పరిమితి ఉంది, కార్డు పోయిందని ఆ క్షణం వరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు అన్నంతవరకే కార్డు ఇచ్చిన బ్యాంకు చెబుతుంది. అంకెలు టైప్ చేసిన మనిషే ఆ కార్డు సొంతదారని గానీ, సరుకు అందుకున్నాక అతను సంతృప్తి చెందుతాడని గానీ ఆ బ్యాంకు పూచీ పడటం లేదు. అందుకే సరుకు పంపి, సొమ్ము జమై, ఆ నెల లెక్కలు కూడా మూసేశాక, మూడు నాలుగు నెలలు గడిచిన తర్వాత అదే సొమ్ము వ్యాపారి ఖాతాలోంచి వెనక్కి పోవచ్చు. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు.

రీఫండ్‌కూ దీనికీ తేడా ఉంది. రీఫండ్ వ్యాపారి తన ఇష్టంతో ఇచ్చేది, చార్జ్‌బ్యాక్ వ్యాపారి ప్రమేయం లేకుండా బ్యాంకు వెనక్కి తీసుకునేది. పోయేది అమ్మకపు సొమ్ము ఒక్కటే కాదు. సరుకు పోతుంది, పంపిన ఖర్చు పోతుంది, ఒక్కో వివాదానికి చెల్లింపుల సంస్థ వసూలు చేసే రుసుము అదనం. వ్యాపారి గెలిచినా ఆ రుసుమును తిరిగి ఇవ్వని సంస్థలు ఉన్నాయి.

ఈ ఏర్పాటు వెనుక న్యాయమైన ఉద్దేశం ఉందన్న సంగతిని వ్యాపారులు మరచిపోకూడదు. అమెరికాలో 1974లో వచ్చిన ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం, తప్పుడు బిల్లును ప్రశ్నించే హక్కును క్రెడిట్ కార్డుదారుకు ఇచ్చింది. అదే ఏడాది బ్రిటన్‌లో వచ్చిన వినియోగదారు రుణ చట్టం కూడా కార్డుతో కొన్నవారికి రక్షణ కల్పించింది. వీసా, మాస్టర్‌కార్డ్ వంటి కార్డు నెట్‌వర్కులు తమ సొంత నిబంధనలతో ఇలాంటి రక్షణనే ప్రపంచమంతటికీ విస్తరింపజేశాయి. ముక్కూ ముఖం తెలియని దుకాణానికి కార్డు అంకెలు ఇచ్చేందుకు జనం వెనుకాడకపోవడానికి ఈ రక్షణే కారణం. అంటే ఆన్‌లైన్ వ్యాపారం నిలబడిన పునాదిలోనే చార్జ్‌బ్యాక్ ఉంది. అయితే ఆ నమ్మకానికయ్యే మూల్యంలో పెద్ద వాటా కార్డును కళ్లతో చూడలేని వ్యాపారి మీద పడుతుంది. దుకాణంలో చిప్ కార్డును యంత్రంలో పెట్టి తీసుకున్న చెల్లింపులో నకిలీ కార్డు నష్టం సాధారణంగా కార్డు ఇచ్చిన బ్యాంకుది. వెబ్‌సైటులోనో, ఫోనులోనో తీసుకున్న చెల్లింపులో అదనపు ధ్రువీకరణ ఏదీ లేకపోతే ఆ నష్టం వ్యాపారిది. అమెరికాలో 2015 అక్టోబరు 1 నుంచి చిప్ యంత్రం లేని దుకాణాల మీద నకిలీ కార్డుల నష్టభారం పడటం మొదలయ్యాక, దుకాణాల్లో నకిలీ కార్డుల మోసాలు తగ్గి, మోసగాళ్లు కార్డు కంటపడని చెల్లింపుల వైపు మళ్లారు.

నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుంది

కొనుగోలుదారు తన కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు చేస్తాడు. ఆ బ్యాంకు కార్డు నెట్‌వర్క్ ద్వారా వ్యాపారి బ్యాంకుకు వివాదాన్ని పంపుతుంది. వ్యాపారి బ్యాంకు సొమ్మును వ్యాపారి ఖాతాలోంచి మినహాయించి నోటీసు ఇస్తుంది. వ్యాపారి సమాధానం అదే దారిలో వెనక్కి ప్రయాణించి మళ్లీ కార్డు ఇచ్చిన బ్యాంకుకే చేరుతుంది. ఇక్కడ ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటుంది. మొదటి దశలో వ్యాపారి సాక్ష్యాన్ని తూచేది నెట్‌వర్క్ కాదు, న్యాయస్థానం అసలే కాదు. ఫిర్యాదు చేసిన మనిషిని తన ఖాతాదారుగా చూసే బ్యాంకు అది. ఆ బ్యాంకు ఉద్యోగితో వ్యాపారి మాట్లాడలేడు, సందేహం వస్తే తీర్చలేడు. రోజూ లెక్కలేనన్ని వివాదాలు చూసే ఆ ఉద్యోగి ముందుకు ఒక కాగితాల కట్ట మాత్రం వెళుతుంది. ఆ కట్టలోని ప్రతి కాగితమూ ఆర్డర్ తీసుకున్న నాడో, సరుకు పంపిన నాడో పుట్టి ఉండాలి. నోటీసు వచ్చాక కొత్తగా పుట్టించగలిగేది వాటికి జతచేసే వివరణ లేఖ ఒక్కటే. చార్జ్‌బ్యాక్ విషయంలో వ్యాపారులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. తగినంతగా వాదించకపోవడం వల్ల ఓడిపోయేవారికన్నా, వాదనకు ఆధారమయ్యే వివరాన్ని సమయానికి నమోదు చేసుకోకపోవడం వల్ల ఓడిపోయేవారే ఎక్కువ.

వివాదాల మూలాలు స్థూలంగా మూడు. దొంగిలించిన కార్డు వివరాలతో మరొకరు కొనడం మొదటిది. సరుకు ఆలస్యం కావడం, వర్ణనకు సరిపోలకపోవడం, ఒకే ఆర్డరుకు రెండుసార్లు సొమ్ము తీసుకోవడం వంటి వ్యాపారి పొరపాట్లు రెండోది. అసలు కార్డుదారే కొని, సరుకు అందుకుని, ఆ తర్వాత కొనలేదనో అందలేదనో బ్యాంకుకు చెప్పడం మూడోది. దీనికి ఫ్రెండ్లీ ఫ్రాడ్ అనే పేరు స్థిరపడింది గానీ, ఆ పేరు వెనుక ఉన్నవన్నీ దురుద్దేశాలు కావు. స్టేట్‌మెంటులో కనిపించిన పేరును గుర్తుపట్టలేక భయపడినవారు, ఇంట్లో పిల్లలు కొన్న సంగతి తెలియనివారు, రద్దు చేశామనుకున్న సబ్‌స్క్రిప్షన్‌కు మళ్లీ సొమ్ము పోవడం చూసినవారు కూడా వీరిలో ఉంటారు. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. దొంగ కార్డును ఆపే సాధనం అసంతృప్తితో ఉన్న కొనుగోలుదారును ఆపలేదు, మంచి కస్టమర్ సేవ దొంగను ఆపలేదు. కాబట్టి తన వివాదాల్లో ఏ మూలం వాటా ఎంతో వ్యాపారి ముందు లెక్క తీసుకోవాలి. ఫిర్యాదు కారణాన్ని సూచిస్తూ బ్యాంకు పంపే రీజన్ కోడ్ ఆ లెక్కకు ప్రారంభం మాత్రమే. అది కొనుగోలుదారు చేసిన ఆరోపణను చెబుతుంది, జరిగినదాన్ని చెప్పదు.

దొంగ కార్డును ఆపడం

ఈ పనిలో అన్నిటికన్నా బలమైన సాధనం త్రీడీ సెక్యూర్. చెల్లింపు సమయంలో కార్డు ఇచ్చిన బ్యాంకే కొనుగోలుదారును ఓటీపీతోనో, తన యాప్‌లోనో గుర్తించే పద్ధతి ఇది. పాత రూపంలో ప్రతిసారీ వేరే పేజీ తెరుచుకుని పాస్‌వర్డ్ అడగడం వల్ల ఆర్డర్లు మధ్యలో ఆగిపోయేవి. కార్డు నెట్‌వర్కుల ఉమ్మడి ప్రమాణాల సంస్థ ఈఎంవీకో 2016లో ప్రకటించిన కొత్త ప్రమాణంలో కొనుగోలుదారు డివైజ్, చిరునామా, పాత కొనుగోళ్లు వంటి అనేక వివరాలు చెల్లింపుతోపాటే బ్యాంకుకు చేరతాయి. అనుమానం లేని సందర్భాల్లో ఏమీ అడగకుండానే బ్యాంకు ధ్రువీకరించగలదు. గుర్తింపు ఇలా పూర్తయిన చెల్లింపు మీద తర్వాత ‘నేను కొనలేదు’ అన్న ఫిర్యాదు వస్తే, సాధారణంగా ఆ నష్టం కార్డు ఇచ్చిన బ్యాంకుదే అవుతుంది.

ఈ రక్షణకు హద్దులు ఉన్నాయి. అది మోసం ఆరోపణకే వర్తిస్తుంది. సరుకు రాలేదన్న ఫిర్యాదుకు, నాసిరకంగా ఉందన్న ఫిర్యాదుకు త్రీడీ సెక్యూర్ ఏ సమాధానమూ ఇవ్వదు. నిబంధనలు అనుమతించిన చోట వ్యాపారి తానే మినహాయింపు కోరి ధ్రువీకరణను తప్పించుకుంటే, నష్టభారం తిరిగి వ్యాపారి దగ్గరికే వస్తుంది. ధ్రువీకరణ ఫలితం ఈసీఐ అనే రెండంకెల సంకేతంగా చెల్లింపుతోపాటు వస్తుంది. వీసాలో 05 అంటే పూర్తి ధ్రువీకరణ, 06 అంటే వ్యాపారి ప్రయత్నించినా అవతలి వైపు ధ్రువీకరణ పూర్తికాలేదని, 07 అంటే ధ్రువీకరణ లేదని అర్థం. మాస్టర్‌కార్డులో వీటికి సాటివి 02, 01, 00. ప్రతి ఆర్డరుతో పాటు ఈ సంకేతాన్ని భద్రపరచని వ్యాపారి, తనకున్న రక్షణను తానే చూపించలేని స్థితిలో పడతాడు. ఫోనులో కార్డు అంకెలు చెప్పించుకుని తీసుకునే ఆర్డర్లకు ఈ సాధనం పనిచేయదు. అలాంటి చోట అంకెలు అడగకుండా చెల్లింపు లింకు పంపడమే మేలు. కార్డుదారు తన తెరమీదే ధ్రువీకరించుకుంటాడు, వ్యాపారి సిబ్బంది కార్డు అంకెలను చూడవలసిన అవసరమూ తప్పుతుంది.

సీవీవీ, చిరునామా సరిపోల్చే ఏవీఎస్ దీనికి తోడుగా పనికొచ్చేవి, సొంతంగా చాలవు. ఆథరైజేషన్ (చెల్లింపుకు బ్యాంకు ఆమోదం) అయ్యాక సీవీవీని దాచుకోకూడదని పీసీఐ డీఎస్ఎస్ భద్రతా ప్రమాణం నిషేధిస్తుంది కాబట్టి, ఎవరి డేటాబేస్ నుంచో దొంగిలించిన కార్డుల జాబితాల్లో అది ఉండకపోవచ్చు. అలాగని నకిలీ పేజీల్లో కొనుగోలుదారులే టైప్ చేసిన సీవీవీలు దొంగల దగ్గర లేవని అనుకోకూడదు. ఏవీఎస్ చిరునామాలోని అంకెలను, పోస్టల్ కోడ్‌ను మాత్రమే సరిపోలుస్తుంది. అది ప్రధానంగా అమెరికా, కెనడా, బ్రిటన్ కార్డులకే పనిచేస్తుంది. ఇల్లు మారినవారి చిరునామా సరిపోలకపోవడం సహజం కనుక, ఆ ఒక్క కారణంతో ఆర్డరును తోసిపుచ్చితే నిజమైన కొనుగోలుదారులు పోతారు.

కార్డు టెస్టింగ్ అనే దాడి గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దొంగిలించిన వేల కార్డుల్లో ఏవి పనిచేస్తున్నాయో తేల్చుకోవడానికి మోసగాళ్లు ప్రోగ్రాముల సాయంతో ఏదో ఒక వెబ్‌సైటులో చిన్న చిన్న మొత్తాలు చెల్లించి చూస్తారు. కొన్ని నిమిషాల్లో వందల తిరస్కరణలు, మధ్యలో కొన్ని ఆమోదాలు రావడం దాని లక్షణం. మొత్తాలు చిన్నవి కదా అని ఊరుకుంటే, ఆమోదం పొందిన ప్రతి చెల్లింపూ కొన్ని వారాలకు ఒక మోసం ఫిర్యాదుగా తిరిగి వస్తుంది. ఒకే ఐపీ అడ్రస్ నుంచి, ఒకే డివైజ్ నుంచి గంటలో ఎన్ని ప్రయత్నాలను అనుమతించాలో పరిమితి పెట్టడం, చెల్లింపు పేజీలో ఎదుట ఉన్నది మనిషో ప్రోగ్రామో తేల్చే క్యాప్చా ఉంచడం దీనికి అడ్డుకట్ట. దాడి జరిగిందని తెలిసిన వెంటనే, ఎవరూ అడగకముందే, ఆమోదం పొందిన ఆ చెల్లింపులన్నిటినీ వెనక్కి ఇచ్చేయాలి.

మనుషులు చూసి తేల్చవలసిన ఆర్డర్లు ఎప్పుడూ కొన్ని మిగులుతాయి. కొత్త ఖాతా నుంచి పెద్ద మొత్తంలో తేలికగా తిరిగి అమ్ముకోగల వస్తువుల ఆర్డర్, ఒకే డెలివరీ చిరునామాకు పలు కార్డులు, సరుకు బయలుదేరాక చిరునామా మార్చమనే అభ్యర్థన వంటివి ఒక్కొక్కటిగా చూస్తే నేరాలు కావు. రెండు మూడు కలిసి కనిపించినప్పుడు ఒక ఫోన్ కాల్ చేసి నిర్ధారించుకోవడం వ్యాపారికి పెద్ద పనేమీ కాదు.

సొంత పొరపాట్లు, అపార్థాలు

దొంగల వల్ల వచ్చే వివాదాలకన్నా వీటిని తగ్గించడం సులువు, చవక. అయినా వీటి మీద శ్రద్ధ తక్కువ. మొదటగా చూడవలసింది స్టేట్‌మెంటులో కనిపించే పేరు. దానికి దొరికే చోటు సాధారణంగా 22 నుంచి 25 అక్షరాలే. వెబ్‌సైటు ఒక పేరుతో నడుస్తూ, స్టేట్‌మెంటులో మాత్రం కొనుగోలుదారు ఎన్నడూ వినని మాతృసంస్థ పేరు కనిపిస్తే, ఆ వ్యక్తి ముందుగా చేసే పని బ్యాంకుకు ఫోన్ చేయడం. వ్యాపారం ఏ పేరుతో జనానికి తెలుసో ఆ పేరునే అక్కడ పెట్టించుకోవాలి, వీలుంటే ఫోన్ నంబరు లేదా వెబ్ చిరునామా కలపాలి. ఆర్డర్ నిర్ధారణ ఈమెయిల్‌లో ‘మీ స్టేట్‌మెంటులో ఈ పేరు కనిపిస్తుంది’ అన్న ఒక్క వాక్యం ఎన్నో ఫిర్యాదులను పుట్టకముందే ఆపుతుంది.

సబ్‌స్క్రిప్షన్లు మరో పెద్ద మూలం. ఉచిత ట్రయల్ ముగిసి చెల్లింపు మొదలయ్యే రోజును కొనుగోలుదారు గుర్తుపెట్టుకోడు, గుర్తుపెట్టుకోవాలని ఆశించడమూ న్యాయం కాదు. ట్రయల్ తర్వాత కొనసాగే చెల్లింపుల విషయంలో కనీసం 7 రోజుల ముందు గుర్తుచేయాలని, ఆన్‌లైన్‌లో సులువుగా రద్దు చేసుకునే దారి ఉండాలని వీసా 2020 ఏప్రిల్ నుంచి నిబంధన పెట్టింది. ఇంత ముందుగా చెబితే సగం మంది రద్దు చేసుకుంటారని భయపడే వ్యాపారులు ఉన్నారు. సేవను వాడుకోని మనిషి నుంచి మరచిపోయిన కారణంగా వచ్చే సొమ్ము నిలిచే ఆదాయం కాదు. అది ఈరోజు రద్దుగా పోకపోతే రేపు రుసుముతో కలిపి చార్జ్‌బ్యాక్‌గా పోతుంది. రద్దు బటన్‌ను నాలుగు పేజీల లోతున దాచడం, రద్దు కోరిన ఈమెయిల్‌కు వారం తర్వాత జవాబివ్వడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

డెలివరీ విషయంలో మాట ఇచ్చిన తేదీ చాలా ముఖ్యం. ఫిర్యాదుకు ఉన్న గడువు చాలా సందర్భాల్లో 120 రోజులు. సరుకు లేదా సేవ అందలేదన్న ఫిర్యాదులో మాత్రం వీసా ఆ 120 రోజులను అందవలసిన చివరి తేదీ నుంచి లెక్కిస్తుంది, మొత్తం మీద చెల్లింపు రోజు నుంచి 540 రోజులు దాటకూడదు. ముందస్తు బుకింగులు, నెలల తర్వాత జరిగే కార్యక్రమాల టికెట్లు, ఇంకా తయారుకాని వస్తువులు అమ్మేవారికి దీని అర్థం, ఇవాళ అందుకున్న సొమ్ము దాదాపు ఏడాదిన్నర వరకు పూర్తిగా తమది కాకపోవచ్చునని. ఆలస్యం తప్పదని తెలిసినప్పుడు, కొనుగోలుదారు అడగకముందే కొత్త తేదీ చెప్పి, వద్దనుకుంటే సొమ్ము వెనక్కి ఇస్తామని రాయడం ఇలాంటి చోట అత్యవసరం. ఒకే ఆర్డరుకు రెండుసార్లు వసూలు, తప్పు మొత్తం, చెప్పిన రీఫండ్ పంపకపోవడం వంటివి రోజువారీ లెక్కల తనిఖీతో పోయేవి. వాటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు.

ముందస్తు హెచ్చరికలు, నిష్పత్తి లెక్క

చార్జ్‌బ్యాక్ నమోదు కాకముందే ఫిర్యాదు సంగతి వ్యాపారికి చేరవేసే సేవలు ఉన్నాయి. వీటిలో పేరున్న వెరిఫైని వీసా, ఇథోకాను మాస్టర్‌కార్డ్ 2019లోనే కొనుక్కున్నాయి. కొనుగోలుదారు బ్యాంకుకు ఫోన్ చేసిన క్షణంలోనే ఆర్డర్ వివరాలను బ్యాంకు సిబ్బంది తెరమీద చూపించడం వీటిలో ఒక పద్ధతి. అపార్థంతో వచ్చిన ఫిర్యాదు అక్కడే ఆగిపోతుంది. వ్యాపారి ముందుగా పెట్టుకున్న నియమాల ప్రకారం సొమ్మును తక్షణమే వెనక్కి ఇచ్చి వివాదాన్ని ముగించడం మరో పద్ధతి. ఈ సేవలకు ఒక్కో కేసుకు రుసుము ఉంటుంది. సొమ్మూ తిరిగి ఇచ్చి, రుసుమూ కట్టడం ఎందుకన్న ప్రశ్నకు సమాధానం నిష్పత్తిలో ఉంది.

నెట్‌వర్కులు ప్రతి వ్యాపారి చార్జ్‌బ్యాక్ నిష్పత్తిని నెలనెలా గమనిస్తాయి. మాస్టర్‌కార్డ్ ఒక నెలలో వచ్చిన చార్జ్‌బ్యాక్‌లను అంతకుముందు నెల చెల్లింపుల సంఖ్యతో భాగిస్తుంది. కనీసం 100 చార్జ్‌బ్యాక్‌లు వచ్చి, నిష్పత్తి 1.5 శాతానికి చేరితే ఆ వ్యాపారి అధిక చార్జ్‌బ్యాక్‌ల జాబితాలో పడతాడు. కిందటి నెల 8,000 చెల్లింపులు తీసుకున్న వ్యాపారికి ఈ నెల 120 వస్తే సరిగ్గా ఆ గీత మీద నిలబడినట్టు. 300కు, 3 శాతానికి చేరితే మరింత కఠినమైన శ్రేణి. వీసా 2025 ఏప్రిల్ నుంచి మోసం నివేదికలను, వివాదాలను కలిపి లెక్కించే పద్ధతికి మారింది. ఇక్కడ వ్యాపారులు తరచుగా పొరబడే విషయం ఒకటుంది. చార్జ్‌బ్యాక్‌ను సవాలు చేసి గెలిచినంత మాత్రాన సాధారణంగా అది ఈ లెక్కలోంచి తొలగిపోదు. సొమ్ము తిరిగి వస్తుంది గానీ, సంఖ్య అలాగే ఉంటుంది. అందుకే ఎదుర్కోవడంలో ఎంత నైపుణ్యం ఉన్నా అది నివారణకు ప్రత్యామ్నాయం కాలేదు. సీజన్ ముగిసి అమ్మకాలు పడిపోయిన నెలలో, ఆ సీజన్ ఆర్డర్ల మీద ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి కాబట్టి నిష్పత్తి ఒక్కసారిగా ఎగబాకుతుంది. దీన్ని ముందే ఊహించుకోవాలి. జరిమానాలతో మొదలైన వ్యవహారం చివరికి కార్డు చెల్లింపుల సదుపాయమే పోయేదాకా వెళ్లవచ్చు. అలా తొలగించిన వ్యాపారుల వివరాలుండే మ్యాచ్ జాబితాలో పేరు 5 సంవత్సరాలు ఉంటుంది, అంతకాలం మరో బ్యాంకు ఖాతా ఇవ్వడం చాలా కష్టం.

నోటీసు వచ్చాక

నోటీసులో ముందు చూడవలసినవి గడువు, రీజన్ కోడ్. నెట్‌వర్క్ ఇచ్చిన గడువులోంచి వ్యాపారి బ్యాంకు తన పరిశీలనకు కొన్ని రోజులు ఉంచుకుంటుంది కాబట్టి వ్యాపారి చేతికి వచ్చేది తక్కువ. గడువు దాటితే ఎంత గట్టి సాక్ష్యమైనా పనికిరాదు. తర్వాత తేల్చుకోవలసింది పోరాడాలా వద్దా అన్నది. ధ్రువీకరణ లేకుండా తీసుకున్న చెల్లింపు, కొత్త కొనుగోలుదారు, ఎవరిదో తెలియని చిరునామా అయితే అది నిజంగానే దొంగ కార్డు అయివుండవచ్చు. ఆ సొమ్ము కార్డు అసలు సొంతదారుకు చెందవలసిందే. అటువంటి కేసును ఒప్పుకోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు. ఒప్పుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. చార్జ్‌బ్యాక్ మొదలయ్యాక వేరుగా రీఫండ్ ఇవ్వకూడదు. బ్యాంకు అప్పటికే సొమ్ము తీసుకుంది, మళ్లీ రీఫండ్ ఇస్తే రెండుసార్లు పోతుంది. ఫిర్యాదుకు ముందే రీఫండ్ ఇచ్చి ఉంటే, దాని తేదీ, మొత్తం, ఆ లావాదేవీని గుర్తించే 23 అంకెల ఏఆర్ఎన్ నంబరు పంపితే చాలు.

పోరాడదలచుకుంటే, రీజన్ కోడ్ అడిగిన ప్రశ్నకే సమాధానం ఇవ్వాలి. వీసా 2018లో ఈ కోడ్‌లను నాలుగు వర్గాలుగా సర్దింది. 10తో మొదలయ్యేవి మోసం, 11 ఆథరైజేషన్, 12 ప్రాసెసింగ్ పొరపాట్లు, 13 వినియోగదారు వివాదాలు. మాస్టర్‌కార్డులో 4837 అంటే కార్డుదారు అనుమతి లేదని, 4853 అంటే కార్డుదారు వివాదమని అర్థం. ‘సరుకు అందలేదు’ అనే 13.1కు కావలసింది ఒప్పుకున్న తేదీలోగా ఒప్పుకున్న చిరునామాకు చేరిందన్న రుజువు: కొరియర్ ట్రాకింగ్, పూర్తి చిరునామా, సంతకం లేదా ఫొటో. ‘వర్ణనకు సరిపోలలేదు’ అనే 13.3కు అదే డెలివరీ రుజువు ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే అందలేదని అవతలివారు అననేలేదు. అక్కడ చూపవలసింది అమ్మిన రోజున పేజీలో ఉన్న వర్ణన, పంపిన వస్తువు దానికి ఎలా సరిపోయింది, కొనుగోలుదారు వస్తువును తిరిగి పంపే ప్రయత్నం చేశాడా లేదా అన్నది. వస్తువు పేజీలను తరచుగా మార్చే వ్యాపారులు ఆనాటి వర్ణన ప్రతిని దాచుకోకపోతే ఈ ప్రశ్నకు జవాబే ఉండదు. రద్దు, వాపసు వివాదాల్లో వాపసు షరతులు ఉన్నాయని చూపడం చాలదు. చెల్లింపు పూర్తిచేయకముందే అవి కొనుగోలుదారు కంటపడ్డాయని, అతను అంగీకార గడిని టిక్ చేశాడని తేదీ, సమయంతో సహా చూపాలి. పేజీ అడుగున ఎక్కడో ఉన్న లింకును బ్యాంకులు అంగీకారంగా చూడవు.

కార్డు కంటపడని మోసం ఆరోపణకు వీసా వాడే 10.4 కోడ్ విషయంలో 2023 ఏప్రిల్ 15 నుంచి అమలైన కంపెల్లింగ్ ఎవిడెన్స్ 3.0 నిబంధన వ్యాపారుల స్థితిని నిజంగా మార్చింది. అంతకుముందు సాక్ష్యం సరిపోతుందా లేదా అన్నది చాలావరకు బ్యాంకు అభిప్రాయం. ఇప్పుడు కొలమానం స్పష్టంగా ఉంది. అదే కార్డుతో అదే వ్యాపారి దగ్గర జరిగిన, మోసమని ఎవరూ ఫిర్యాదు చేయని రెండు పాత చెల్లింపులను చూపాలి. అవి వివాదం తేదీకి 120 రోజులకన్నా పాతవై, 365 రోజులలోపు జరిగినవై ఉండాలి. లాగిన్ ఐడీ, డెలివరీ చిరునామా, ఐపీ అడ్రస్, డివైజ్ గుర్తింపు అనే నాలుగింటిలో కనీసం రెండు ఆ పాత చెల్లింపుల్లోనూ ఇప్పటి చెల్లింపులోనూ ఒకటే కావాలి. ఆ రెంటిలో ఒకటి తప్పనిసరిగా ఐపీ అడ్రస్ లేదా డివైజ్ గుర్తింపు అయివుండాలి. ఇవన్నీ సరిపోతే నష్టభారం కార్డు ఇచ్చిన బ్యాంకుకు మారుతుంది. 120 రోజుల షరతు వెనుక ఉన్న తర్కం సబబైనది. ఆ పాత చెల్లింపులను ప్రశ్నించడానికి కార్డుదారుకు తగినంత గడువు దొరికింది, అయినా అతను ప్రశ్నించలేదు. అంటే అవి అతనివే. అదే డివైజ్, అదే ఖాతా నుంచి వచ్చిన కొత్త చెల్లింపు మరొకరిది అనడం నిలవదు. నవంబరు 1న వివాదం వచ్చిందనుకుంటే, అదే ఏడాది మార్చిలో ఒకటి, జూన్‌లో ఒకటి జరిగిన ఆర్డర్లు ఈ లెక్కకు సరిపోతాయి. సెప్టెంబరు ఆర్డర్ సరిపోదు. డివైజ్ గుర్తింపును, ఐపీ అడ్రస్‌ను కనీసం ఏడాదికి పైగా ఆర్డరు వారీగా దాచుకోని వ్యాపారికి, నిబంధన ఎంత అనుకూలంగా ఉన్నా అక్కరకు రాదు. డౌన్‌లోడ్లు, ఆన్‌లైన్ ఖాతాలు అమ్మేవారికి డెలివరీ సంతకమే ఉండదు కనుక, ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఏ డివైజ్ నుంచి ఏది ఎంతసేపు వాడారు అన్న నమోదులే వారి కొరియర్ రసీదులు.

వివరణ లేఖ ఒక పేజీ దాటకపోవడం మంచిది. మొదటి రెండు వాక్యాల్లోనే ఆరోపణ ఏమిటి, దాన్ని ఏ సాక్ష్యం ఖండిస్తోంది అన్నది రావాలి. ఆ తర్వాత తేదీల వారీగా జరిగిన క్రమం, ప్రతి అంశం పక్కన ఏ జతపత్రం చూడాలో సూచన. కొనుగోలుదారు నిజాయితీ మీద వ్యాఖ్యలు, వ్యాపారం ఎంత నష్టపోయిందన్న ఆవేదన అక్కడ అనవసరం. ఆ ఆవేదన న్యాయమైనదే, కానీ దానికి లెక్కలో స్థానం లేదు. లింకులు ఇస్తే పరిశీలించే ఉద్యోగి తెరవకపోవచ్చు కనుక, చూపదలచినదాన్ని చిత్రంగానే జతచేయాలి. నలుపు తెలుపుల్లో ముద్రించినా చదవగలిగేలా అక్షరాలు ఉండాలి, రంగు గుర్తుల మీద ఆధారపడకూడదు. కొనుగోలుదారుతో జరిగిన ఈమెయిల్ సంభాషణలో సరుకు అందిందని అతను ఒప్పుకున్న వాక్యం ఉంటే, దాన్ని ముప్పై పేజీల మధ్య పాతిపెట్టకుండా మొదటి జతపత్రంగా పెట్టాలి.

వ్యాపారి సమాధానాన్ని కార్డు ఇచ్చిన బ్యాంకు తిరస్కరిస్తే, వ్యవహారం ప్రీ ఆర్బిట్రేషన్‌కు (రెండు బ్యాంకులు తమలో తాము తేల్చుకునే చివరి ప్రయత్నం), అక్కడా తేలకపోతే ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తి తీర్పు) వెళుతుంది. నిర్ణయం అప్పుడు నెట్‌వర్క్ చేతిలోకి వస్తుంది. ఓడిన పక్షం కట్టవలసిన రుసుములు కొన్ని వందల డాలర్ల వరకు ఉంటాయి కాబట్టి, చిన్న మొత్తాల మీద అంతదూరం వెళ్లడం అరుదుగా మాత్రమే అర్థవంతం. పెద్ద మొత్తమైనా, నెట్‌వర్క్ చూసేది నిబంధనకు సాక్ష్యం సరిపోయిందా అన్నదే గనుక, ముందు దశలో పంపిన కాగితాల్లో లోటు ఉంటే ఇక్కడ అది పూడదు. అయితే నెట్‌వర్క్ తీర్పు తేల్చేది కార్డు సొమ్ము ఎవరి దగ్గర ఉండాలన్న విషయాన్నే. వస్తువు అందుకుని వాడుకుంటున్న కొనుగోలుదారు చెల్లించవలసిన బాకీ ఆ తీర్పుతో రద్దయిపోదు. మొత్తం పెద్దదై, సాక్ష్యం బలమైనదైతే, అతనికి నేరుగా బిల్లు పంపి, అవసరమైతే చట్టప్రకారం వసూలు చేసుకునే దారి వ్యాపారికి మిగిలే ఉంటుంది.